మాక్‌బెత్‌లో ‘వియర్డ్ సిస్టర్స్’ ఎవరు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: డిగ్రీలో మీకు ‘మాక్‌బెత్’ పాఠంగా ఉంది. అందులో మాక్‌బెత్ రాజవుతాడని ముందే చెప్పే ముగ్గురు మంత్రగత్తెలను ‘వియర్డ్ సిస్టర్స్’ అంటారు. మీ దగ్గరున్న గైడులో దానికి ‘వింత అక్కచెల్లెళ్ళు’ అని ఉంది. మీరూ మీ స్నేహితులూ ‘వియర్డ్’ అనే మాటను రోజూ ‘ఏదో తేడాగా ఉంది’ అనే అర్థంలో వాడతారు. షేక్‌స్పియర్ కూడా అదే అర్థంలో వాడాడా, లేక దాని వెనక ఇంకేమైనా ఉందా?

ఉంది. చాలా ఉంది. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. షేక్‌స్పియర్ ఆ నాటకం రాసిన 1606 ప్రాంతంలో ‘వియర్డ్’కు ‘వింత’ అనే అర్థం ఇంకా పుట్టలేదు. అప్పటికి ఆ మాటకు ఉన్న అర్థం ‘విధి’. మనం తలరాత అంటామే, అది. ‘వియర్డ్ సిస్టర్స్’ అంటే మనుషుల తలరాతలు తెలిసిన, బహుశా వాటిని రాసే, అక్కచెల్లెళ్ళు. ‘వింత’ అనే అర్థం ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు వచ్చింది. అది కూడా చాలావరకు ఈ నాటకం వల్లనే వచ్చింది.

నేను 31 ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పాను. మొదటి రెండేళ్ళూ నేనూ ‘వింత అక్కచెల్లెళ్ళు’ అనే చెప్పాను. నాకు చెప్పినవాళ్ళు అలాగే చెప్పారు మరి. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, “వాళ్ళు వింత మనుషులని తెలిసి కూడా మాక్‌బెత్ నాలుగో అంకంలో వాళ్ళను వెతుక్కుంటూ ఎందుకు వెళ్తాడు సార్? అప్పటికే రాజయ్యాడు కదా, ఇంక వాళ్ళతో పనేముంది?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం లైబ్రరీలో పెద్ద నిఘంటువు దింపించుకుని ‘వియర్డ్’ ఉన్న పేజీ చదివాను. ఒక్క మాటకు అర్థం తప్పు చెబితే నాటకమంతా పక్కదారి పడుతుందని ఆ రోజు తెలిసింది. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

పాత ఇంగ్లీషులో, అంటే సుమారుగా 1100కు ముందు ఇంగ్లండులో మాట్లాడిన భాషలో, ఈ మాట రూపం ‘వ్యుర్డ్’. డబ్ల్యూ, వై, ఆర్, డి అని రాసేవారు. అందులోని అచ్చు ఇప్పటి ఇంగ్లీషులో లేదు. ‘ఉ’ అనడానికి చుట్టినట్టు పెదాలు చుట్టి ‘ఇ’ అంటే వచ్చే ధ్వని అది. వ్యుర్డ్ నామవాచకం, స్త్రీలింగం. ‘వెయోర్థన్’ అనే క్రియకు బంధువు. ఆ క్రియకు అర్థం అవడం, జరగడం. కాబట్టి వ్యుర్డ్ అంటే మొదట ‘అయినది, జరిగినది’. జరిగినదాని నుంచి జరగవలసినది, అక్కడి నుంచి విధి. మనం ‘కానున్నది కాక మానదు’ అంటాం చూడండి. ‘అవు’ అనే అతి మామూలు క్రియ అక్కడ విధి బరువంతా మోస్తోంది. వాళ్ళ భాషలోనూ సరిగ్గా అలాగే జరిగింది.

ఆ క్రియ జర్మన్‌లో ‘వెర్డెన్’గా ఇప్పటికీ రోజువారీ మాట. ఇంగ్లీషులో మాత్రం చచ్చిపోయింది. 1611 నాటి బైబిల్ అనువాదంలో, యెహెజ్కేలు గ్రంథం 30వ అధ్యాయంలో, ‘వో వర్త్ ద డే’ అనే మాటలున్నాయి. ఆ రోజుకు కీడు కలగాలి అని అర్థం. అందులోని ‘వర్త్’ విలువ అనే మాట కాదు, ఈ పాత క్రియ తాలూకు ఆఖరి ముక్క.

ఇంకా వెనక్కి వెళ్తే మనకు తెలిసిన మాటలే కనిపిస్తాయి. వెయోర్థన్, వ్యుర్డ్ రెండూ పుట్టిన ప్రాచీన ధాతువుకు అర్థం ‘తిరగడం’. సంస్కృతంలో అదే ‘వృత్’. తెలుగు ద్రావిడ భాష కాబట్టి ఇది మనకు పుట్టుకతో వచ్చిన చుట్టరికం కాదు, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల ద్వారా కలిసిన చుట్టరికం. అయినా ఆ మాటలు మన నోట్లో రోజూ తిరిగేవే: వృత్తం, ఆవర్తనం, పరివర్తన, ప్రవర్తన, వర్తమానం, వృత్తాంతం, వార్త. వీటిలో ‘వార్త’ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. వార్త అంటే జరిగిన సంగతి. వ్యుర్డ్ అన్నా మొదట జరిగిన సంగతే. ఒకే ధాతువు ఒక చోట పత్రికల్లోకి వెళ్ళింది, ఇంకో చోట విధి అయి కూర్చుంది. లాటిన్‌లో ఇదే ‘వెర్టెరె’ అయ్యి, ఇంగ్లీషుకు కన్వర్ట్, రివర్స్, వెర్షన్ లాంటి మాటలిచ్చింది. ‘టువర్డ్’ చివర ఉన్న ‘వర్డ్’ కూడా ఈ ఇంటిదే, ఫలానా వైపు తిరిగిన అని.

ఇక ఆ మాట బతికిన తీరు చూడాలంటే ‘బేవుల్ఫ్’ దగ్గరికి వెళ్ళాలి. 3182 పాదాల వీరకావ్యం. సుమారు 1000వ సంవత్సరం నాటి ఒకే ఒక్క రాతప్రతి మిగిలింది. 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దాని అంచులు కాలాయి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో వీరుడు గ్రెండెల్ అనే రాక్షసుడితో పోరాడబోయే ముందు రాజుతో మాట్లాడి, చివర 455వ పాదంలో ఇలా ముగిస్తాడు: “గ్యాథ్ ఆ వ్యుర్డ్ స్వా హియో షెల్.” విధి ఎప్పుడూ తాను పోవలసిన దారినే పోతుంది. ‘హియో’ అంటే ‘ఆమె’. వ్యుర్డ్ స్త్రీలింగం కాబట్టి ఆ సర్వనామం వచ్చింది.

ఇది చదివి, ఆ మనుషులు విధికి తలవంచి కూర్చునేవాళ్ళని అనుకోకండి. కాసేపటికే, 572వ పాదం దగ్గర, అతనే ఇంకో మాట అంటాడు. రాత్రంతా సముద్రంలో జలజంతువులతో పోరాడి బయటపడిన సంగతి చెబుతూ, చావు ఇంకా రాసిపెట్టి లేని వీరుణ్ణి, అతని ధైర్యం నిలిచి ఉంటే, వ్యుర్డ్ తరచుగా కాపాడుతుందని. ‘తరచుగా’ అన్నాడు, ‘ఎప్పుడూ’ అనలేదు. రాత ఉంది, ధైర్యం కూడా ఉంది, రెండింటి మధ్య కాస్త ఖాళీ ఉంది. నాకు ఈ కావ్యంలో అన్నిటికన్నా ఇష్టమైన పాదాలివి. ముసలితనంలో మహాసర్పంతో యుద్ధానికి దిగే ముందు, 2526వ పాదంలో, మా ఇద్దరికీ ఈ గోడ దగ్గర ఏమవ్వాలో వ్యుర్డ్ నిర్ణయించినట్టే అవుతుంది అంటాడు. అక్కడ ‘అవడం’ అనే క్రియా, ‘వ్యుర్డ్’ అనే నామవాచకమూ ఒకే పాదంలో పక్కపక్కన నిలబడ్డాయి. వెంటనే తర్వాతి పాదంలో దేవుడి పేరు వస్తుంది. కవి క్రైస్తవుడు, కథ అంతకు ముందు కాలానిది. రెండు నమ్మకాలూ ఆ వాక్యంలో కలిసే ఉన్నాయి.

ఎక్సెటర్ చర్చిలో ఉన్న మరో పాత రాతప్రతిలో, ఏలిక చనిపోయి చలి సముద్రం మీద ఒంటరిగా తిరిగే ఒక మనిషి పద్యం ఉంది. దాని ఐదో పాదం: వ్యుర్డ్ పూర్తిగా నిశ్చయమై ఉంది. అదే రాతప్రతిలో ఇంకో పద్యం ‘వ్యుర్డ్ నాకది నేసింది’ అంటుంది. మనవాళ్ళకు విధి రాత, వాళ్ళకు నేత.

తొమ్మిదో శతాబ్దం చివర పాలించిన ఆల్‌ఫ్రెడ్ రాజు పేరుతో ఒక అనువాదం వచ్చింది. బొయీథియస్ అనే రోమన్ పండితుడు ఆరో శతాబ్దంలో చెరసాలలో ఉండి రాసిన తత్వగ్రంథానికి పాత ఇంగ్లీషు రూపం అది. అక్కడ వ్యుర్డ్‌కు కొత్త కుర్చీ వేశారు. మనం వ్యుర్డ్ అనేది నిజానికి దేవుడు ప్రతిరోజూ చేసే పని, దేవుడి ముందాలోచన వేరు, అది పైది అని చెబుతుంది ఆ పుస్తకం. దానికి ఇచ్చిన పోలిక బండి చక్రం. ఇరుసు కదలదు, అది దేవుడు. ఇరుసుకు దగ్గరగా ఉన్నవాళ్ళు నెమ్మదిగా తిరుగుతారు, వాళ్ళు ఉత్తములు. ఆకుల దగ్గర, అంటే ఇరుసునూ అంచునూ కలిపే కమ్మీల దగ్గర, ఉన్నవాళ్ళు మధ్యములు. అంచున ఉన్నవాళ్ళు నేలకు కొట్టుకుంటూ ఎక్కువ కుదుపు తింటారు. లాటిన్ మూలంలో ఉన్నది ఒకే కేంద్రం చుట్టూ గీసిన వృత్తాలు మాత్రమే; దాన్ని బండి చక్రంగా మార్చినవాడు ఈ అనువాదకుడు. ‘తిరగడం’ అనే ధాతువు నుంచి వచ్చిన మాటను వివరించడానికి అతనికి తిరిగే చక్రమే తట్టడం నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో వెతికితే ‘వ్యుర్డ్ అనే దేవతను పాత ఇంగ్లీషువాళ్ళు పూజించేవారు’ అనీ, ‘వ్యుర్డ్ సాలెగూడు’ అనే గుర్తు ఆ కాలం నాటిదనీ రాసి ఉంటుంది. నమ్మకండి. ఆమెకు గుడి ఉందనో పూజ చేశారనో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. 19వ శతాబ్దపు పండితులు పాత పద్యాల్లో క్రైస్తవానికి ముందటి మతాన్ని వెతకాలనే ఆత్రంతో వ్యుర్డ్ కనిపించిన ప్రతిచోటా దేవతను చూశారు. ఇ.జి. స్టాన్లీ అనే పండితుడు ఆ వెతుకులాట ఎంత బలహీనమో 1975లో పుస్తకంగానే రాశాడు. ఇక ఆ గీతల గుర్తు ఆధునిక కాలపు కల్పన.

అయితే ఉత్తరాన ఉన్న స్కాండినేవియా సంగతి వేరు. అక్కడి పురాణంలో లోకవృక్షం కింద ఒక బావి ఉంటుంది, దాని పక్కన ముగ్గురు కన్యలుంటారు: ఉర్ద్, వెర్దాందీ, స్కుల్డ్. మొదటి పేరు మన వ్యుర్డ్‌కు సొంత చెల్లెలు. రెండో పేరు కూడా అదే క్రియ నుంచి వచ్చింది, ‘అవుతున్నది’ అని. వాళ్ళు మనుషుల ఆయుష్షు నిర్ణయిస్తారు. ఇంగ్లండులో కూడా ఎనిమిదో శతాబ్దపు లాటిన్ పదపట్టికల్లో, రోమన్ల ముగ్గురు విధి దేవతలకు అర్థంగా ‘వ్యుర్డ్’కు బహువచన రూపం రాసిపెట్టారు. ముగ్గురు స్త్రీలు, విధి అనే జత అంత పాతది. గుర్తుపెట్టుకోండి, మాక్‌బెత్ దగ్గర పనికొస్తుంది.

1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. తర్వాతి మూడు వందల ఏళ్ళలో ఫ్రెంచి మాటలు వరదలా వచ్చాయి. విధికి సంబంధించి ఫార్చ్యూన్, డెస్టినీ, ఫేట్ వచ్చాయి. సొంత మాట పక్కకు జరిగింది. ఆ జరగడాన్ని ఇంగ్లీషు కవి చాసర్ దగ్గర కళ్ళారా చూడొచ్చు. 1380ల్లో రాసిన ‘ట్రాయిలస్’ కావ్యంలో ఫార్చ్యూన్ దేవతను ‘వియర్డ్‌లను అమలుచేసేదానా’ అని పిలుస్తాడు. దేవత పేరు ఫ్రెంచిది, ఆమె అమలుచేసే రాత పేరు ఇంగ్లీషుది. ఇంకో కావ్యంలో ఇంకా స్పష్టంగా, ‘వియర్డ్‌లు, వాటినే మనం డెస్టినీ అంటాం’ అని రాశాడు. ఒక మాటకు పక్కన ఇంకో మాటతో అర్థం చెప్పాల్సి వచ్చిందంటే, ఆ మాట పాఠకుల చెవికి అప్పటికే దూరమవుతోందన్నమాట. ఆ తర్వాత లండన్ వైపు అది దాదాపు వినిపించకుండా పోయింది.

స్కాట్లండులో మాత్రం బతికింది. ‘నీ వియర్డ్ నువ్వు అనుభవించు’ అనే అర్థంలో ‘డ్రీ యువర్ వియర్డ్’ అనే నుడికారం అక్కడ ఉంది. మనం ‘నీ రాత, అనుభవించు’ అన్నట్టే. ఇప్పుడు మనం రాసే స్పెల్లింగు కూడా ఆ ఉత్తరాది ఉచ్చారణ నుంచి వచ్చిందే. దక్షిణాన బతికి ఉంటే ‘బర్డ్’ లాగా ‘విర్డ్’ అయ్యేది. స్కూల్లో ‘సి తర్వాత తప్ప, ఇ కన్నా ముందు ఐ’ అని స్పెల్లింగు సూత్రం నేర్పుతారు కదా, ఈ మాట ఆ సూత్రానికి లొంగకపోవడానికి వెనక ఈ ఉత్తరాది చరిత్ర ఉంది.

మాక్‌బెత్ నిజంగా 11వ శతాబ్దంలో స్కాట్లండును ఏలిన రాజు. అతని చుట్టూ కథలు అల్లింది స్కాట్లండువాళ్ళే. 1420 ప్రాంతంలో ఆండ్రూ ఆఫ్ వింటన్ అనే మతాధికారి రాసిన పద్య చరిత్రలో మాక్‌బెత్‌కు కలలో ముగ్గురు స్త్రీలు కనిపిస్తారు. వాళ్ళు ముగ్గురు ‘వియర్డ్ సిస్టర్స్’ అని అతనికి తోస్తుంది. ఆ కథ చేతులు మారి హోలిన్‌షెడ్ చరిత్రగ్రంథంలోకి వచ్చింది. దాని 1587 ముద్రణే షేక్‌స్పియర్ ముందున్నది. అక్కడ ఈ స్త్రీల గురించి రాస్తూ, వీళ్ళు వియర్డ్ సిస్టర్స్, అంటే విధి దేవతలు, లేదా వనదేవతలో యక్షిణులో అయి ఉంటారని జనం అనుకున్నారని చెప్పాడు. మళ్ళీ చూడండి, పక్కన అర్థం చెప్పాల్సి వచ్చింది. అంటే షేక్‌స్పియర్‌కు ఈ మాట అర్థంతో సహా చేతికి అందింది. ‘విధి దేవతలు’ అని అతను చదివిన పుస్తకంలోనే ఉంది. ఇంతకన్నా బలమైన సాక్ష్యం మీకు పరీక్షలో అక్కర్లేదు.

నాటకంలో ఈ మాట ఆరుసార్లు వస్తుంది. ఆ స్త్రీలు తమను తాము అలాగే పిలుచుకుంటారు. ‘మంత్రగత్తెలు’ అనే మాట రంగసూచనల్లో ఉంటుంది గానీ, పాత్రలెవరూ వాళ్ళను నేరుగా అలా పిలవరు. ‘పో మంత్రగత్తె’ అని ఒక్కచోట వస్తుంది, అది కూడా ఒక నావికుడి పెళ్ళాం తిట్టిందని వాళ్ళలో ఒకామె చెప్పే మాట. 1611లో గ్లోబ్ థియేటర్‌లో ఈ నాటకం చూసిన సైమన్ ఫోర్‌మన్ తన నోట్సులో వాళ్ళను యక్షిణులు, వనదేవతలు అనే రాసుకున్నాడు.

ఇప్పుడొక చిత్రమైన సంగతి. నాటకం మొదటిసారి అచ్చయింది 1623లో, షేక్‌స్పియర్ పోయాక ఏడేళ్ళకు. అందులో ఎక్కడా ‘వియర్డ్’ అని లేదు. మొదటి మూడుసార్లు ‘వెయ్‌వర్డ్’ అనీ, తర్వాతి మూడుసార్లు ‘వెయర్డ్’ అనీ ఉంది. ‘వేవర్డ్’ అంటే మాట వినని, మొండి అని అర్థం. లండన్‌లో రాసినవాళ్ళకో అచ్చు పేర్చినవాళ్ళకో ఈ స్కాట్లండు మాట పరిచయం లేక, తెలిసిన మాటకు దగ్గరగా పెట్టేసి ఉంటారు. 1733లో టిబాల్డ్ అనే సంపాదకుడు హోలిన్‌షెడ్‌తో పోల్చి చూసి ‘వియర్డ్’ అని సరిదిద్దాడు. మొత్తం 110 ఏళ్ళు జనం ఈ నాటకాన్ని ఆ పాత అచ్చు వెంటే చదివారు. అయితే ఆ పాత స్పెల్లింగు ఒక మేలు చేసింది. ఆ మాటను రెండు అక్షరాలుగా, ‘వి-యర్డ్’ అని సాగదీసి పలికితేనే ఛందస్సు సరిపోతుందని చెబుతుంది. ఇంకో సంగతి, ‘వేవర్డ్’ చివరి ‘వర్డ్’ కూడా ఇందాక చెప్పిన ‘తిరగడం’ ధాతువు నుంచే వచ్చింది. పొరపాటు మాట కూడా దూరపు చుట్టమే అయింది.

మొదటి అంకం మూడో రంగంలో వాళ్ళు ఈ మాట అన్న వెంటనే ఏం చేస్తారో చూడండి. చేయీ చేయీ పట్టుకుని నీకు మూడు, నాకు మూడు, మళ్ళీ మూడు అంటూ తొమ్మిదిసార్లు గుండ్రంగా తిరుగుతారు. ‘తిరగడం’ నుంచి పుట్టిన మాట పలుకుతూ తిరుగుతున్నారు. షేక్‌స్పియర్ తెలిసి రాశాడని నేననను. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ కలకత్తాలో ఉపన్యసించింది 1786లో, ఈ ధాతువుల లెక్కలన్నీ ఆ తర్వాతివే. కానీ పాఠం చెప్పేటప్పుడు ఆ చోటికి వస్తే నాకు ఒళ్ళు జలదరించేది.

ఇక అర్థం ఎలా మారింది? ఇంగ్లండులో ఈ మాట వాడుకలోంచి పోయింది. బతికి ఉన్నది ఒక్క నాటకంలో, ముఖ్యంగా ఒక్క దృశ్యంలో. ఆ దృశ్యంలో ఉరుములు, బీడు నేల, ముడతలు పడ్డ ముఖాలు, ఆడవాళ్ళకు గడ్డాలు, ఈ లోకపు మనుషుల్లా లేని బట్టలు. మాట్లాడుతూ ఉండగానే గాలిలో కలిసిపోతారు. విధి అనే అర్థం తెలియని ప్రేక్షకుడు ‘వియర్డ్’ అని విని, కంటికి కనిపించేదాన్నే దాని అర్థం అనుకోడా? తరం తర్వాత తరం అలాగే అనుకుంది. విధి కరిగిపోయి, ఉరుమూ చీకటీ మిగిలాయి.

19వ శతాబ్దం మొదట్లో కవులు ఆ మిగిలినదాన్ని అందుకున్నారు. 1816లో అచ్చయిన ‘అలాస్టర్’ కావ్యంలో షెల్లీ, తన నిశ్శబ్దంతోనే రాత్రి ఒక ‘వియర్డ్’ చప్పుడు చేస్తుందంటాడు. అక్కడ విధి లేదు, గుండె ఝల్లుమనడం ఉంది. 1820లో కీట్స్ ‘లేమియా’లో ‘వియర్డ్’ లేపనాల్లో జుట్టు తడపమంటాడు, అది మంత్రం వాసన. ఇక్కడికి మాట పూర్తిగా విశేషణం అయిపోయింది. దయ్యాల కథల్లోకి వెళ్ళింది. 1923 మార్చిలో షికాగోలో ‘వియర్డ్ టేల్స్’ పత్రిక మొదలయ్యేనాటికి భయంగొలిపే, లోకాతీతమైన కథలన్నిటికీ అదే పేరు. తర్వాత ఆ భయం కూడా పలచబడి, ‘మామూలుగా లేదు’ అనే వరకు దిగింది. ఫ్రిజ్ చప్పుడు వియర్డ్, పక్కింటాయన నవ్వు వియర్డ్, కూరలో ఉప్పు వియర్డ్. 2024 అమెరికా ఎన్నికల్లో డెమొక్రాటిక్ పార్టీ నాయకుడు టిమ్ వాల్జ్ ప్రత్యర్థుల్ని ‘వియర్డ్’ అన్నప్పుడు అది ప్రచారమంతా మారుమోగింది. మాక్‌బెత్‌ను భయపెట్టిన మాటే అది, కానీ వాల్జ్ నోట దాని ఉద్దేశం ఎదుటివాళ్ళను చిన్నబుచ్చడం.

ఇది ఇంగ్లీషుకే జరిగిందనుకోకండి. విధి మాటలకు మన దగ్గర ఏమైందో ఒకసారి చూసుకోండి. ‘అదృష్టం’ అంటే అక్షరాలా కంటికి కనిపించనిది, మంచో చెడో తెలియని కర్మఫలం. ఇప్పుడు లాటరీ తగలడం. ‘గ్రహచారం’ అంటే గ్రహాల నడక మాత్రమే. కానీ ‘నా గ్రహచారం’ అని ఎవరైనా అంటే మంచి జరిగిందని అనుకోం. ‘కర్మ’ అంటే పని. ‘ఖర్మ’ అయ్యేసరికి నెత్తి కొట్టుకోవడమే. ఒక మాట పైకి పోయింది, రెండు కిందికి పోయాయి. వియర్డ్‌కు అన్నిటికన్నా దగ్గరి పోలిక మాత్రం ‘సోది’. ఒంటి మీదికి దేవత వచ్చి, పోయినవాళ్ళ మాటలూ రాబోయే సంగతులూ చెప్పడం సోది. ఊళ్ళో సోది చెప్పే ఆమె వస్తే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి వినేవారు. ఇప్పుడు మీ వయసువాళ్ళు ‘సోది ఆపరా’ అంటారు, ఊసుపోని మాటలని. భవిష్యత్తు చెప్పే గంభీరమైన మాట నాలుగు రోడ్ల మీద ఎగతాళి మాట అయింది. దీన్ని తప్పని అనను, భాష అలాగే నడుస్తుంది. కానీ పాత కథలో ‘సోది’ కనిపిస్తే దాన్ని ఇప్పటి అర్థంతో చదివితే కథ పాడవుతుంది. వియర్డ్ విషయంలో మీ గైడు చేసింది సరిగ్గా ఈ పొరపాటే.

మరి తెలుగులో ఏమనాలి? క్లాసులో చాలాసార్లు పిల్లల్నే అడిగాను. ‘సోదెమ్మలు’ అని కొందరన్నారు. పల్లెటూరి రంగు బాగుంది, కానీ సోదెమ్మ చెబుతుంది తప్ప చేయదు. ఈ ముగ్గురూ చెప్పేవాళ్ళా చేసేవాళ్ళా అన్నది నాటకం చివరిదాకా తేలదు, తేలకపోవడంలోనే దాని బలం ఉంది. ‘మంత్రగత్తెలు’ అంటే మరీ తక్కువ చేసినట్టవుతుంది. ‘విధి దేవతలు’ అంటే వాళ్ళ మురికి, ఆకలి, పగ కనిపించకుండా పోతాయి. నాకు ‘విధి అక్కచెల్లెళ్ళు’ నచ్చుతుంది. విధి రాయడమూ చెప్పడమూ రెండూ అందులో ఇముడుతాయి, ‘అక్కచెల్లెళ్ళు’ అనే ఇంటి మాట పక్కన ఉండటంతో కాస్త వణుకూ పుడుతుంది.

పరీక్షకు ఇలా రాయండి: పాత ఇంగ్లీషు నామవాచకం, అర్థం విధి, హోలిన్‌షెడ్ ‘విధి దేవతలు’ అని వివరించాడు, ‘వింత’ అనే అర్థం 19వ శతాబ్దపు కవుల నుంచి వచ్చింది. మార్కుల సంగతి అయిపోయాక, తీరికగా ఒక పని చేయండి. ఆ ఆరు చోట్లా పెన్సిలుతో ‘విధి’ అని రాసుకుని నాటకం మళ్ళీ చదవండి. మొదటి అంకంలో వాళ్ళు తమ పేరు చెప్పుకుంటారు. మాక్‌బెత్ భార్యకు ఉత్తరం రాస్తూ ఆ పేరు రాస్తాడు. రెండో అంకంలో మాక్‌బెత్ తోటి సేనాని బాంకో, నిన్న రాత్రి వాళ్ళు కలలోకి వచ్చారంటాడు. మూడో అంకం మొదట్లో అతనే, వాళ్ళు మాటిచ్చినట్టు నీకన్నీ దక్కాయని మాక్‌బెత్‌ను తలుచుకుని లోలోపల అనుకుంటాడు. అదే అంకంలో విందు పాడయ్యాక మాక్‌బెత్, రేపు పొద్దున్నే వాళ్ళ దగ్గరికి వెళ్తానంటాడు. ఆ వెనక బెంచీ కుర్రాడి ప్రశ్నకు జవాబు అక్కడుంది: అతను వెళ్తున్నది తన విధి దగ్గరికి. ఆరోసారి, నాలుగో అంకంలో, వాళ్ళు మాయమయ్యాక కొలువులోని లెనాక్స్ అనే ప్రభువు లోపలికి వస్తాడు. విధి అక్కచెల్లెళ్ళను చూశావా అని అడుగుతాడు మాక్‌బెత్. లేదు ప్రభూ అంటాడు లెనాక్స్. నీ పక్కనుంచి పోలేదా అని మళ్ళీ అడుగుతాడు. లేదు, నిజంగా లేదు ప్రభూ. ఆ తర్వాత నాటకంలో ఆ మాట మళ్ళీ వినిపించదు.